తడబడిన చోటు

పోయిన వారం కథలో మాస్టారు ఫోను పెట్టేశాక ఆయన ముఖం ఎలా ఉందో చూడకుండానే మనం బయటికొచ్చేశాం. ఇప్పుడు చూద్దాం. పెళ్ళికొడుకు ముస్తాబులో ఉన్న మనిషిని పక్కకి పిలిచి, ముహూర్తం సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం అని చెప్తే ఎలా ఉంటుందో, అలా ఉంది.

ముస్తాబుకి కారణం లేకపోలేదు. జీవితమంతా స్టూడియోల్లో గిటారు వాయించి, ఒక్క రికార్డు అట్ట మీద కూడా పేరు పడని మనిషి మన మాస్టారు. ఆయన వాయించినవి మీరూ నేనూ వినే ఉంటాం. మంగలి షాపులో, పళ్ళ డాక్టరు గదిలో, లిఫ్టులో, ఫోనులో కాసేపు ఆగమన్నప్పుడు మనకి తెలియకుండానే చెవిన పడే మాటల్లేని పాటలు అవి. జనం నోట నానుతున్న పాటలన్నిటికీ గొంతు తీసేసి, గిటారు మీద వాయించి అమ్మేవాళ్ళు. అట్ట మీద ఎప్పుడు చూసినా ఒక సాయంత్రం, ఒక పడవ, అటు తిరిగి నిలబడ్డ ఒక అమ్మాయి. పడవ బొమ్మ వేసినవాడి పేరు కూడా ఒక మూల చిన్న అక్షరాల్లో ఉండేది. గిటారు వాయించినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు.

ఇన్నేళ్ళకి కంపెనీ వాళ్ళు ఆ పాత రికార్డుల దుమ్ము దులిపి కొత్తగా తెస్తున్నారు. ఈసారి అట్ట మీద పడవ లేదు. మాస్టారి ఫోటో ఉంది, దాని కింద ఆయన పేరు. రేపు పొద్దున కెమెరా వాళ్ళు ఇంటికొచ్చి, అన్నిటికంటే పేరుబడ్డ 'మూసిన గొడుగు' ఆయన చేత వాయించి చిత్రీకరిస్తారు. అంతా కుదిరిందనుకుంటున్న వేళ కంపెనీ అమ్మాయి ఫోను చేసింది.

"సార్, చెప్పకూడదనుకున్నాం. ఎవరో ఫోన్ చేశారు. 'మూసిన గొడుగు' వాయించింది మీరు కాదట. పేరు చెప్పలేదు. మేమైతే నమ్మలేదు. కానీ రేపు ఆ రెండో చరణంలో తడబాటు వస్తుంది చూడండి, అక్కడ మీ వేళ్ళని బాగా దగ్గర్నుంచి తీస్తాం. అది కనబడితే ఇంకెవరూ నోరెత్తరు."

మాస్టారు "అలాగే అమ్మా" అన్నాడు. ఫోను పెట్టేశాడు. మనం వదిలేసింది అక్కడే.

ఆ తడబాటు సంగతి మీకు తెలియాలి. బాణీ హాయిగా నడుస్తూ నడుస్తూ రెండో చరణంలో ఒక స్వరం దగ్గర కాలు మడత పడినట్టు ఆగుతుంది. పడిపోతుందేమో అనుకునేలోపు మళ్ళీ అందుకుంటుంది. జనానికి ఆ చోటంటే ప్రాణం. కూనిరాగం తీసేవాళ్ళు కూడా అక్కడికి రాగానే ఆగి, కనుబొమలు ఎగరేసి, నవ్వుకుని ముందుకి వెళ్తారు. మాస్టారికి మాత్రం అది మొదట్నుంచీ నచ్చదు. తన చెయ్యి తడబడదు. తడబడిందని ఆయన ఒప్పుకోడు. రికార్డు అచ్చు వేసేటప్పుడు మిషను మీద టేపు జారి ఉంటుందని ఆయన ఏనాడో తేల్చేసుకున్నాడు. వేదికల మీద జనం అదే కావాలని పట్టుబడుతుంటే, ఆ టేపు చేసిన తప్పుని వేళ్ళతో చెయ్యాలని ఏళ్ళ తరబడి తలుపులు వేసుకుని సాధన చేశాడు. రాలేదు. ప్రతిసారీ కావాలని ఆగినట్టే ఉండేది.

ఇప్పుడు దాన్నే దగ్గర్నుంచి తీస్తారట.

మాస్టారికి అనుమానం కొత్త కాదు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడంటాడు. అలాంటి మనిషికి ఇంత పెద్ద అనుమానం చేతికందితే ఊరుకుంటాడా? సోఫాలో కూర్చుని ఆ రోజు స్టూడియోలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే ముందు నిలబెట్టి పరీక్ష చేశాడు. బాణీ కట్టిన సంగీత దర్శకుడు పోయి చాలాకాలమైంది. డ్రమ్ములాయన కూడా పోయాడు. వేణువాయన కూతురి దగ్గర ఉంటూ, ఎవరినీ గుర్తుపట్టడం లేదని విన్నాడు. మిగిలింది ఇద్దరు. ఒకరు రికార్డింగు చేసిన సూదాయన. రెండోవాడు పక్క గిటారు వాయించిన తన బావమరిది.

బావమరిదికి ఏభై దాటినా ఇంటిల్లిపాదికీ చిన్నోడే. గిటారు ఎప్పుడో అటకెక్కించి, లిఫ్టులు బాగుచేసే పనిలో స్థిరపడ్డాడు. ఆ లిఫ్టుల్లోనే 'మూసిన గొడుగు' మోగుతూ ఉంటుంది. రోజంతా దాని కింద నిలబడి పనిచేసేవాడికి, బావగారి ఫోటో అట్టకెక్కుతోందంటే కడుపు మండదా? మండుతుంది. మండి ఉంటుంది. మాస్టారు అక్కడితో తీర్పు చెప్పేశాడు. ఇక సాక్ష్యం కావాలి. సాక్ష్యమంటే సూదాయన దగ్గరికి వెళ్ళాలి.

లేచి చెప్పులు వేసుకుంటుంటే, రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య తలెత్తింది.

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు? చిన్నోడి దగ్గరికా?"

"వాడి దగ్గరికెందుకు? సూదాయనని చూసి చాలా రోజులైంది."

ఆమె ఇస్త్రీపెట్టె కాలరు మీదికి జరిపింది.

*

సూదాయన ఇల్లు పాత భవనంలో పై అంతస్తు. లిఫ్టు ఉంది. మాస్టారు దాని వంక ఒకసారి అనుమానంగా చూసి మెట్లెక్కాడు.

రికార్డింగు గదిలో శబ్దం ఎంతుందో చూపించే మీటరు సూది మీద నుంచి కళ్ళు తిప్పేవాడు కాదని ఆయనకి ఆ పేరు వచ్చింది. పాట ఎలా ఉందని అడిగితే 'సూది ఎర్రగీత దాటలేదు' అనేవాడు. అంతకు మించి మెచ్చుకోలు ఎవరికీ దక్కేది కాదు. ఇప్పుడు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది ఆయనకి ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. లోపల ఏదో జరిపిన చప్పుడు. తర్వాత గొళ్ళెం.

"మాస్టారూ! మీరా? రండి, రండి. ఏంటిలా దారి తప్పారు?"

"తప్పలేదు. తిన్నగా మీ ఇంటికే వచ్చాను."

సూదాయన నవ్వి, ఎక్కడ కూర్చోమనాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. గది నిండా వైర్లు, విప్పేసిన స్పీకర్లు, అట్టపెట్టెల్లో టేపు రీళ్ళు. కిటికీ పక్కన పాత టేపు మిషను, దాని మీద ఒక తువాలు కప్పి ఉంది. మాస్టారు కూర్చోబోతూ అనుకోకుండా ఆనుకున్నట్టు దాని మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

బల్ల మీద రెండు టీ కప్పులు. రెండూ తాగేసినవే. రెండో కప్పు చెవి దగ్గర నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. గ్రీజు. చేతులు ఎంత తోమినా గోళ్ళ సందుల్లోంచి పోని ఆ నలుపు మాస్టారికి బాగా తెలుసు. దాని గురించి ఇంట్లో భోజనాల దగ్గర ఎన్నోసార్లు వేళాకోళం చేశాడు కూడా.

"ఎవరైనా వచ్చారా?"

"ఆఁ?"

"ఎవరైనా వచ్చారా అంటున్నా."

"టీయా? పెడతానుండండి."

"టీ వద్దు సూదిగారూ. మీకు నా మాట వినబడింది. బ్యాలెన్సులో వేణువు కాస్త తగ్గిందని గొణిగితే పక్క గదిలోంచి వినేవారు మీరు. ఇలా కూర్చోండి."

సూదాయన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మాస్టారు ఫోను సంగతి చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆయన ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆశ్చర్యం కనబడుతుందేమోనని చూశాడు. కనబడలేదు. భయం కనబడింది.

"మీరు నమ్ముతున్నారా ఆ మాట?" అన్నాడు సూదాయన చివరికి.

"నేను నమ్మడమేంటి? వాయించింది నేను. టేకు అయ్యాక మీరు అద్దంలోంచి బొటనవేలు చూపించింది నాకు గుర్తుంది. ఆ రోజు టేపు మీ దగ్గరుంటే పెట్టండి. ఇద్దరం వింటాం. రేపు ఎవడొచ్చి ఏమన్నా నా దగ్గర సమాధానం ఉండాలి."

"ఎప్పటి టేపో. ఉందో, లేదో."

మాస్టారు లేచి మిషను మీద తువాలు తీసేశాడు. రీలు ఎక్కించే ఉంది.

సూదాయన దాని వంక, మాస్టారి వంక చూశాడు. దొరికిపోయిన మనిషి మొహంలో ఉండాల్సిన సిగ్గు కన్నా, బరువు దిగిపోయిన నిమ్మళమే ఎక్కువ కనిపించింది.

"వినకపోతేనే మంచిది మాస్టారూ. పెద్దవాణ్ణి, చెప్తున్నాను."

"తిప్పండి."

టేపు కదిలింది. ముందు ఖాళీ గది హోరు. ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది. తర్వాత మాస్టారి గొంతు, చాలా ఏళ్ళు చిన్నది: "రెడీనా? ఊఁ. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

మాస్టారి భుజాలు దిగాయి. స్టూడియోలో లెక్కపెట్టేది ఎప్పుడూ వాయించేవాడే.

"విన్నారా? ఎవరి గొంతది?"

"మీదే."

'మూసిన గొడుగు' మొదలైంది. వెనకాల డ్రమ్ము మీద కర్రల బదులు రాసే బ్రష్షు మెల్లగా, నిలకడగా నడుస్తోంది. మొదటి చరణం అయింది. రెండోది వచ్చింది. ఆ చోటు వచ్చింది. స్వరం జారింది, ఆగింది, అందుకుంది.

మాస్టారు ఉలిక్కిపడ్డాడు. జనం మురిసిపోయే తడబాటుకి కాదు. దాని వెనకాల బ్రష్షు ఆగలేదు. గిటారు ఆగినప్పుడు కూడా బ్రష్షు అదే నడకలో, ఏమీ పట్టనట్టు నడిచింది. టేపు జారితే దాని మీదున్నదంతా జారాలి. డ్రమ్ము కూడా తూలాలి. షాపుల్లో, లిఫ్టుల్లో పెట్టే డొక్కు స్పీకర్లలో ఆ బ్రష్షు ఎవరికీ వినబడదు. ఆయనకి మాత్రం ఎప్పుడు వినబడింది గనక? తన రికార్డుని ఇంట్లో ఒక్కసారైనా పెట్టుకుని విన్న మనిషి కాదు. రోజంతా వాయించి అలసిపోయి వచ్చినవాడికి ఇంట్లో నిశ్శబ్దమే సుఖంగా ఉండేది.

"టేపు జారలేదు" అన్నాడు, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"నా మిషను మీద టేపు ఏనాడూ జారలేదు" అన్నాడు సూదాయన. ఆ ఒక్క మాటలో మాత్రం పౌరుషం ఉంది.

"మరి నా చెయ్యా? నా చెయ్యి తడబడిందా?"

పాట అయిపోయింది. టేపు తిరుగుతూనే ఉంది. మళ్ళీ మాస్టారి గొంతు వచ్చింది. ఈసారి ఆయన జాగ్రత్తగా విన్నాడు. అది మైకు ముందున్న మనిషి గొంతు కాదు. డబ్బాలోంచి వచ్చినట్టు సన్నగా ఉంది. రికార్డింగు గదిలోంచి అద్దం అవతల వాయించేవాళ్ళతో మాట్లాడే చిన్న మైకులోంచి వచ్చిన గొంతు అది.

"అదేంట్రా, అక్కడ తడబడ్డావు?"

"చెయ్యి జారింది బావా." ఈ గొంతు దగ్గర్నుంచి వచ్చింది. మైకు ముందున్న కుర్చీలోంచి.

"చెయ్యి జారడం కాదు, నీ చేతికి నిలకడ లేదు. లీడు నీ వల్ల కాదు గానీ, పక్కన కూర్చుని రిథమ్ కొట్టుకో. లే, నేనొస్తున్నా."

"సరే బావా."

కుర్చీ కిర్రుమంది.

ఇక్కడ మాస్టారికి ఒక అలవాటు ఉండేదని చెప్పాలి. టేకుకి ముందు తన గిటారు శబ్దం ఎలా పడుతోందో తనే వినాలి. అందుకని బావమరిదిని తన కుర్చీలో కూర్చోబెట్టి, తన గిటారు వాడికిచ్చి, బాణీ మొత్తం ఒకసారి వాయించమనేవాడు. తను రికార్డింగు గదిలో సూదాయన పక్కన నిలబడి లెక్కపెట్టి, విని, మీటలు సరిచేయించి, తర్వాత వెళ్ళి వాణ్ణి లేపి తను కూర్చునేవాడు. దాన్ని బ్యాలెన్సు అనేవాళ్ళు. బ్యాలెన్సు కోసం వాయించింది ఎవరూ దాచుకోరు, ఎవరూ గుర్తుపెట్టుకోరు.

టేపు మీద అడుగుల చప్పుడు. కుర్చీ. మాస్టారి గొంతు ఈసారి దగ్గరగా, నిండుగా వచ్చింది. లెక్క. మళ్ళీ 'మూసిన గొడుగు'.

ఇది ఆయన చెయ్యే. ఒక్క మచ్చ లేదు. రెండో చరణం వచ్చింది, ఆ చోటు వచ్చింది, నున్నగా దాటిపోయింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వింటూ వింటూ ఉండగానే మాస్టారికి విసుగు పుట్టింది. పాట సగంలో ఉండగానే రేపు ఏ గిటారు వాయించాలో ఆలోచిస్తున్నాడు తను. ఆ సంగతి గ్రహించాక ఆయన చెవులు వేడెక్కాయి. తను వాయించింది తనకే విసుగ్గా ఉందని తెలియడం కన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది?

"ఆపండి."

సూదాయన ఆపాడు.

"పొరపాటున అచ్చుకి పంపారు కదూ? ఇది పంపబోయి అది పంపారు."

"లేదు."

"పొరపాటే అయుంటుంది. తొందరలో..."

"తెలిసే పంపాను మాస్టారూ. మీరు వాయించినంతసేపూ నేను సూదిని చూస్తూ కూర్చున్నాను. వాడు వాయించినప్పుడు మాత్రం సూదిని చూడటం మర్చిపోయాను. ఆ ఉద్యోగంలో నాకలా జరిగింది ఆ ఒక్కసారే."

"ఎవరడిగారు మిమ్మల్ని మార్చమని? నాకు చెప్పాల్సిన పని లేదా?"

"రికార్డు బయటికి రాగానే మీరు వింటారు, వచ్చి నన్ను దులిపేస్తారు, అప్పుడు చెబుదామనుకున్నా. మీరు రాలేదు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అని చూశాను. ఈలోపు పాట ఎక్కడ విన్నా అదే. జనమంతా ఆ తడబాటుని మెచ్చుకుంటుంటే మీరు తలూపేస్తున్నారు. ఇక ఏ ముఖంతో చెప్పను?"

మాస్టారికి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపానికి సూదాయన చాలలేదు. కప్పు మీది నల్లటి వేలిముద్ర కంటపడింది.

"అయితే వాడికి తెలుసు. ఇన్నేళ్ళూ నంగనాచిలా నోరు మూసుకుని, నా పేరు అట్టకెక్కే ముందు రోజు చూసి దెబ్బ కొట్టాడన్నమాట. నా ఇంట్లో తింటూ, నా పక్కన కూర్చుంటూ. ఇవాళ ఇక్కడికొచ్చి టేపు విని, సాక్ష్యం ఉందని రూఢి చేసుకుని వెళ్ళాడు. అవునా, కాదా?"

"వచ్చాడు."

"చూశారా మరి."

"దేనికొచ్చాడో అడగరా?"

"అడగడానికేముంది? రేపు కంపెనీ వాళ్ళకి వినిపించమని."

"కాదు. చెరిపెయ్యమని."

మాస్టారు మిషను వంక చూశాడు.

సూదాయన కప్పులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. "కంపెనీ వాళ్ళు పాత టేపుల కోసం తిరుగుతున్నారని ఎవరో చెప్పారట. డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చాడు. 'బావ పేరు ఇన్నాళ్ళకి అచ్చులో పడుతోంది, ఈ టేపు వాళ్ళ చేతికి దొరికితే ఆయన తల ఎత్తుకోలేడు, చెరిపెయ్యండి' అన్నాడు. ఒకసారి విని చెరుపుదాం లే అని పెట్టాను. ఎప్పుడో తను వాయించింది, మళ్ళీ మీరు వాయించింది, రెండూ విన్నాడు. మీరు అన్న మాట కూడా విన్నాడు. నవ్వాడు. 'బావ గొంతు అప్పుడు ఎంత గట్టిగా ఉండేది' అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. చెరిపేస్తానని మాటిచ్చాను. మీట మీద వేలు పెట్టాను కూడా. నా వల్ల కాలేదు. ఇంతలో మీరు తలుపు కొట్టారు."

మాస్టారు ఏళ్ళు లెక్కపెట్టుకున్నాడు. వాడు గిటారు మానేసింది ఆ ఏడాదే. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే చేతికి నిలకడ లేదని నవ్వేవాడు. అది ఎవరి మాటో మాస్టారు ఏనాడూ గుర్తుపట్టలేదు.

అంతలోనే ఆయన పాత బుర్ర మళ్ళీ పనిచెయ్యడం మొదలెట్టింది.

"వాడు కాకపోతే ఫోను చేసిందెవరు? మీరా?"

"నాకు ఫోనులో సగం మాటలు వినపడవు. చేసి ఏం చెప్పను?"

"మన ముగ్గురికి తప్ప ఇంకెవరికి తెలుసు ఈ సంగతి?"

"నాకు తెలిసి ఎవరికీ తెలీదు." సూదాయన మిషను మీంచి రీలు తీసి, అట్టపెట్టెలో పెట్టి, ఒక గుడ్డసంచిలో వేసి చేతికిచ్చాడు. "ఇది ఒక్కటే ఉంది. దీనికి నకలు లేదు. నేను ఉంచనూలేను, చెరపనూలేను. మీరు తీసుకెళ్ళండి. ఏం చేసినా మీరే చెయ్యండి."

*

బస్సులో మాస్టారు సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నోడి మీద జాలి వేసింది. ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. రెండు స్టాపులు దాటేసరికి వాటి మధ్యలోంచి అనుమానం తల ఎత్తింది. ఎవడైనా ఊరికే వదులుకుంటాడా? తనైతే వదులుకునేవాడా? దీని వెనక ఏదో ఉండాలి. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దొరకనందుకు మాస్టారికి వాడి మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇంకో లెక్క కూడా వేశాడు. చిన్నోడు నోరు విప్పడు. సూదాయన చెప్పినా, చెవిటి ముసలాయన మాటకి విలువెంత? టేపు తన ఒళ్ళో ఉంది. మిగిలింది ఆ ఫోను మనిషి ఒక్కడే. వాడెవడో తెలిస్తే చాలు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం దీపాలు వేశారు. భార్య గిటారుని పెట్టెలోంచి తీసి, కొత్త తీగలు వేసి, కుర్చీకి ఆనించి పెట్టింది. తీగలు వెయ్యడం పెళ్ళయిన కొత్తలోనే తమ్ముడి దగ్గర నేర్చుకుంది.

"దొరికాడా?" అంది.

"ఎవరు?"

"ఫోను చేసినవాడు. మీరు వెతకడానికే కదా వెళ్ళారు."

మాస్టారు ఆమెకి ఫోను సంగతి చెప్పలేదు. చెప్పలేదని గుర్తు తెచ్చుకోవడానికి ఒక క్షణం పట్టింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలండీ? చేసింది నేనే."

ఆమె కుర్చీ లాగి కూర్చుంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. రేపు ఇంటికి ఎందరు వస్తారో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"వాడు చిన్నప్పట్నుంచీ నా పక్కన కూర్చునే వాయించాడు. వాడి చెయ్యి నాకు తెలీదా? రికార్డు వచ్చిన రోజే తెలిసిపోయింది."

"ఆ రోజే తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అట్ట మీద ఎవరి పేరూ లేదు కదండీ. పేరే లేనప్పుడు ఎవరు వాయిస్తే ఏంటి? మీరు మీదే అనుకుని సంతోషంగా ఉన్నారు. వాడు నోరు మెదపలేదు. మధ్యలో నేనెందుకు కదపాలి అనుకున్నా. ఇప్పుడు పేరు వేస్తున్నారు. పేరు వేశాక అది అబద్ధం."

"నాతో చెప్పొచ్చుగా. మొగుణ్ణి కాదనుకుని కంపెనీ వాళ్ళకి చెప్తావా?"

"మీతో చెప్తే తమ్ముడి మీద ప్రేమకొద్దీ అంటున్నానని కొట్టిపారేసేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒక మాట అంటే మాత్రం మీకు నిద్ర పట్టదు, కూపీ లాగేదాకా ఊరుకోరు. మీ సంగతి నాకు తెలీదా? అందుకే అలా చేశాను."

జీవితంలో మొదటిసారి ఎవరో మాస్టారి అనుమానాన్ని పట్టుకుని, పగ్గం వేసి, తోలుకెళ్ళారు. అలా తోలింది ఆయన ఎన్నడూ అనుమానించని మనిషి.

"సూదాయన ఏమన్నారు?" అని అడిగింది ఆమె.

"ఏమంటాడు? చెవులు వినపడట్లేదు. ఏమీ గుర్తులేదన్నాడు."

ఆమె ముఖం వాలింది. కాసేపు కొత్త తీగల వంక చూస్తూ కూర్చుంది.

"అయితే నా మాట తప్ప ఇంకేం లేదన్నమాట. రేపు చిన్నోణ్ణి కూడా రమ్మన్నాను. కెమెరాల సంగతి వాడికి చెప్పలేదు, ఊరికే భోజనానికి అన్నాను. వాళ్ళు అడిగితే వాడు నేను కాదు, బావే అంటాడు. వాడి సంగతి కూడా తెలుసు నాకు. ఇక మిగిలింది మీరు. మిమ్మల్ని నేనేం బలవంతపెట్టను. వాడు పక్కనుండగా, నేను వింటుండగా, ఎవరు వాయించారో మీ నోటితో మీరే చెప్పండి. ఏం చెప్తే అదే వేస్తారు అట్ట మీద."

లేచి వంటింటి వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ సంచిలో ఏంటండీ?"

మాస్టారు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏమీ లేదు" అన్నాడు.